మలికాన్పు ప్లాన్ ఎవరి చేతుల్లో మారుతోంది?

తొలికాన్పు సిజేరియన్ అయిన దళిత మహిళకు రెండో కాన్పు ఎలా జరగాలో చాలాసార్లు నొప్పులు మొదలవకముందే తేలిపోతోంది. తేల్చేది ఆమె శరీరం కాదు, ఆమె కూడా కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశ సగటు 21.5 మాత్రమే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే ఆ సంఖ్య 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఈ అంకెలు వచ్చినప్పటి నుంచి ముహూర్తాల పిచ్చి గురించి, ప్రైవేటు ఆసుపత్రుల డబ్బు యావ గురించి, నొప్పులంటే భయం గురించి చాలా చర్చ జరిగింది. కానీ ఆ చర్చ ఎప్పుడూ తొలి కోత దగ్గరే ఆగిపోతోంది. ఆ కోత పడిన లక్షల మంది తల్లులు రెండోసారి గర్భం దాల్చినప్పుడు వాళ్లకు ఏ దారులు ఉన్నాయి, ఆ దారిని ఎంచుకునేది ఎవరు అన్న ప్రశ్న చర్చలోకి రావడం లేదు.

ఒకసారి సిజేరియన్ అయ్యాక తర్వాతి బిడ్డను సాధారణ కాన్పులో కనడం సాధ్యమే. వైద్యులు దీన్ని వీబ్యాక్ అంటారు. స్తోమత ఉన్న కుటుంబాల్లో ఈ మాట ఇప్పుడు కొత్త కాదు. హైదరాబాద్‌లో దానికి సిద్ధపడే ఆసుపత్రిని వెతుక్కుని, డాక్టర్‌తో ముందే మాట్లాడుకుని, ఏం జరిగితే ఏం చేయాలో కాగితం మీద రాసుకునే వాళ్లున్నారు. మరి పత్తి చేలకు, నాట్లకు, మున్సిపాలిటీ పారిశుధ్య పనికి వెళ్లే మన వాడల ఆడవాళ్లకు ఆ మాట ఎవరైనా చెబుతున్నారా? చెప్పినా, అర్ధరాత్రి పరిస్థితి మారినప్పుడు వాళ్లతో ఎవరు మాట్లాడుతున్నారు? ఈ వ్యాసంలో మేము చూడదలచుకున్నది అదే.

హెచ్చరిక పోయి నియమం మిగిలింది

ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పటికీ సిజేరియనే అన్న మాట మన ఊళ్లలో డాక్టర్ల నుంచి ఆయాల వరకు అందరి నోటా వినిపిస్తుంది. దీని మూలం 1916లో న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ రాసిన వ్యాసంలో ఉంది. ఆయన నిజానికి చెప్పదలచుకున్నది వేరు. తొలి కోతకు తొందరపడకండి, దాని ప్రభావం తర్వాతి కాన్పుల మీద కూడా ఉంటుంది అన్నది ఆయన హెచ్చరిక. ఆ రోజుల్లో గర్భసంచి పైభాగంలో నిలువుగా కోసేవారు. ఆ మచ్చ బలహీనంగా ఉండేది. తర్వాత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతి వచ్చింది. ఆ మచ్చ చాలా గట్టిది. శస్త్రచికిత్స మారింది గానీ సామెత మారలేదు. హెచ్చరికను మరిచిపోయి దాన్నే నియమం చేసుకున్నారు.

ఇప్పటి వైద్య శాస్త్రం చెప్పేది ఇది. గతంలో ఒక్కసారే, అదీ అడ్డ కోతతో సిజేరియన్ జరిగి, వేరే సమస్యలేమీ లేని తల్లులు సాధారణ కాన్పుకు ప్రయత్నిస్తే దాదాపు నలుగురిలో ముగ్గురికి అది సాధ్యమవుతుంది. అంతకుముందు ఒక్క సాధారణ కాన్పయినా అయి ఉంటే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. ప్రమాదం లేకపోలేదు. పాత మచ్చ దగ్గర గర్భసంచి చిట్లే అవకాశం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అది అరుదే, కానీ జరిగితే తల్లికి తీవ్ర రక్తస్రావం అవుతుంది, బిడ్డకు ప్రాణవాయువు అందదు, ప్రతి నిమిషమూ లెక్కే. అందుకే ఈ ప్రయత్నం ఇంట్లోనో, నర్సు ఒక్కరే ఉన్న పీహెచ్‌సీలోనో చేసేది కాదు. ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం, బిడ్డ గుండె చప్పుడును కనిపెట్టుకుని ఉండే మనిషి, ఇవన్నీ అందుబాటులో ఉండాలి. నిలువు కోత పడిన వాళ్లకు, గతంలో గర్భసంచి చిట్లిన వాళ్లకు, మాయ గర్భద్వారానికి అడ్డంగా ఉన్న వాళ్లకు ఈ దారి లేదు. నొప్పులు రావడానికి మందులు వాడితే ప్రమాదం పెరుగుతుంది. కోత ఉన్న తల్లికి నెలలు నిండాక నొప్పుల కోసం మిసోప్రోస్టాల్ వాడకూడదు.

ఇటు రెండో సిజేరియన్ కూడా ఊరికే పోయేది కాదు. కోతలు పెరిగే కొద్దీ లోపల అవయవాలు ఒకదానికొకటి అతుక్కోవడం, తర్వాతి గర్భంలో మాయ పాత మచ్చలోకి పాతుకుపోవడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. కోత మానేదాకా బరువులు ఎత్తకూడదంటారు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఆ మాట పాటించడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఒక కుటుంబానికి అది కొద్ది వారాల విశ్రాంతి. మరో కుటుంబానికి అన్ని వారాల కూలి పోవడం, వడ్డీకి అప్పు తేవడం, కుట్లు మానకముందే నడుం వంచడం. అంటే రెండు దారుల్లోనూ లాభనష్టాలున్నాయి. వాటిని తూచుకోవాల్సింది ఆ తల్లి. తూచుకోవడానికి కావలసిన సమాచారం ఆమెకు ఇవ్వాల్సింది వ్యవస్థ.

శరీరం మార్చిన ప్లాన్, వ్యవస్థ మార్చిన ప్లాన్

కాన్పులో ప్లాన్ మారడం తప్పు కాదు. సాధారణ కాన్పుకు ప్రయత్నించే నలుగురిలో ఒకరికి చివరికి ఆపరేషన్ అవసరమవుతుంది. బిడ్డ గుండె చప్పుడు తగ్గవచ్చు, గంటలు గడిచినా గర్భద్వారం తెరుచుకోకపోవచ్చు, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కోత దగ్గర విడవకుండా నొప్పి ఉండవచ్చు, రక్తం కనబడవచ్చు. అప్పుడు వెంటనే ఆపరేషన్ చేయడమే మంచి వైద్యం. దీనికి ఎదురుగా కూడా జరుగుతుంది. ఫలానా తేదీకి సిజేరియన్ అనుకున్న తల్లికి వారం ముందే నొప్పులు వచ్చి, ఆసుపత్రికి చేరేసరికి కాన్పు దగ్గర పడి ఉండవచ్చు. అప్పుడు ఆపరేషన్ కంటే సాధారణ కాన్పే మేలని డాక్టర్ అనవచ్చు. ఇవి శరీరం మార్చిన ప్లాన్లు.

రెండో రకం వేరు. రాత్రి మత్తు డాక్టర్ లేరు కాబట్టి, బ్లడ్ బ్యాంకు దూరం కాబట్టి, డ్యూటీ మారే లోపు పని ముగించాలి కాబట్టి, పాత కాగితాలు లేవు కాబట్టి, ఎందుకొచ్చిన రిస్క్ అని రెఫర్ చేస్తారు కాబట్టి మారే ప్లాన్లు. ఇవి వ్యవస్థ మార్చిన ప్లాన్లు. కేస్ షీట్‌లో మాత్రం రెండింటికీ కారణం ఒకటే రాస్తారు: గతంలో సిజేరియన్. ఆ రెండు మాటల వెనుక ఏది శరీరం, ఏది వ్యవస్థ అన్నది తల్లికి ఎప్పటికీ తెలియదు.

మా పరిశోధనలో భాగంగా మేము మాట్లాడిన ఒక తల్లి అనుభవం దీనికి దగ్గరగా ఉంటుంది. తొలి బిడ్డ కాళ్ల వైపు నుంచి ఉన్నాడని పుట్టింటి దగ్గర ఆమెకు సిజేరియన్ చేశారు. రెండోసారి బిడ్డ తల కిందికే ఉంది. నెలనెలా చూపించుకున్న ప్రభుత్వ ఆసుపత్రిలో పగటి పూట డాక్టర్ సాధారణ కాన్పుకు ప్రయత్నిద్దామన్నారు. ఆమె సంతోషించింది, నాట్ల కాలానికి తేరుకోవచ్చనుకుంది. నొప్పులు వచ్చింది రాత్రి పూట. డ్యూటీలో ఉన్నవాళ్లు పాత కోత చూసి, ఇక్కడ కుదరదని జిల్లా కేంద్రానికి పంపారు. అక్కడ చేరిన కాసేపటికే ఆపరేషన్ చేశారు. బిడ్డ క్షేమం. ఆమెకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఆ రాత్రి ఆపరేషన్ నిజంగా అవసరమైందేమో కూడా. కానీ ఎందుకు మారిందో తనకెవరూ చెప్పలేదన్నది ఒక్కటే ఆమె మాట. కాగితం మీద వేలు పెట్టమన్నారు, పెట్టింది. మూడో నెల నుంచి ఆమె మనసులో ఉన్న ప్లాన్ ఎక్కడ, ఎవరి మాటతో రద్దయిందో చెప్పే అక్షరం ఆమె దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు.

పుట్టింట్లో ఉండిపోయిన కాగితం

వీబ్యాక్‌కు అన్నిటికంటే ముందు కావలసింది ఖరీదైన యంత్రం కాదు, తొలి ఆపరేషన్ వివరాలున్న కాగితం. కోత అడ్డంగా పడిందా, నిలువుగానా? ఎందుకు చేశారు? ఆపరేషన్‌లో ఇబ్బంది ఏమైనా వచ్చిందా? ఇవి తెలియకుండా ఏ డాక్టరైనా వెనకాడతారు. పొట్ట మీద మచ్చ చూసి లోపల గర్భసంచి మీద కోత ఎలా ఉందో చెప్పడం కుదరదు.

మన సమాజంలో తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంది. రెండోది చాలాసార్లు అత్తగారి ఊళ్లోనో, పొట్ట చేతబట్టుకుని వలస వెళ్లిన చోటనో. పాలమూరు నుంచి హైదరాబాద్ భవన నిర్మాణ పనికి వచ్చిన తల్లి దగ్గర మూడేళ్ల కిందటి డిశ్చార్జి కాగితం ఉంటుందని ఆశించడం ఎంతవరకు సబబు? చాలా కాగితాల మీద ఆపరేషన్ పేరు, తేదీ తప్ప కోత వివరం ఉండదు. ఉన్నా, అది ఆమె చదవగలిగే భాషలో ఉండదు.

2002 భారత వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం కూడా రికార్డులు పొందడం హక్కు అనే చెబుతోంది. కానీ అడగాలని తెలియాలి. అడిగితే కసురుకోని కౌంటర్ ఉండాలి. అడిగే మనిషి కట్టు, బొట్టు, యాస, ఇంటిపేరు చూసి గొంతు మార్చని సిబ్బంది ఉండాలి. హక్కు కాగితం మీద అందరికీ ఒకటే. దాన్ని అడిగే ధైర్యానికి మాత్రం కులం, వర్గం అడ్డు పడతాయి.

రెండో కోతతో పాటు ఇంకో ఆపరేషన్

మలికాన్పు చర్చలో ఎవరూ తాకని విషయం ఒకటి ఉంది. కుటుంబ నియంత్రణ అంటే మన రాష్ట్రాల్లో దాదాపు ఆడవాళ్ల ఆపరేషనే. అదే సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో ఈ ఆపరేషన్ అయిన వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం. రెండో బిడ్డతో కుటుంబం ఆపుకోవడం మామూలైంది. దాంతో రెండో కాన్పు దగ్గర ఒక తర్కం సులువుగా నడుస్తుంది. ఎలాగూ పిల్లల ఆపరేషన్ చేయించుకుంటావు కదా, కడుపు కోసినప్పుడే అదీ అయిపోతుంది, మళ్లీ నొప్పులు పడటం దేనికి? వినడానికి ఇది సౌకర్యంగానే ఉంటుంది. కొందరు తల్లులు అన్నీ తెలిసి దీన్నే ఎంచుకుంటారు. అది వాళ్ల హక్కు. కానీ ట్యూబెక్టమీ కోసం సిజేరియన్ అక్కర్లేదు. సాధారణ కాన్పు తర్వాత చిన్న కోతతో చేయవచ్చు, కొన్ని నెలల తర్వాత చేయవచ్చు, భర్తకు వేసెక్టమీ చేయవచ్చు. ఈ మాటలు చెప్పకుండా తీసుకున్న అంగీకారం అంగీకారమేనా?

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, రోగికి చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు తెలిపాకే ఆమె సమ్మతి చెల్లుతుందని చెప్పింది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతిని శస్త్రచికిత్సకు వాడుకోకూడదంది. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో స్టెరిలైజేషన్ క్యాంపుల మీద తీర్పు ఇస్తూ, అక్కడికి పేదలు, అట్టడుగు వర్గాల ఆడవాళ్లే ఎలా చేరుతున్నారో గుర్తించింది. ఆపరేషన్ ప్రభావాన్ని, పర్యవసానాలను ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించాలంది. నొప్పుల మధ్య, థియేటర్ గుమ్మం దగ్గర, ఒకే సంతకంతో రెండు ఆపరేషన్లకు ఒప్పుకున్నట్టు రాయించుకోవడం ఈ తీర్పుల స్ఫూర్తికే విరుద్ధం.

నార్మల్ పేరుతో ఒత్తిడి కూడా హింసే

అయితే సిజేరియన్లు తగ్గించాలి, అందరికీ నార్మల్ చేయాలి అనడం దీనికి పరిష్కారమా? మేము అలా అనుకోవడం లేదు. బీహార్‌లో సిజేరియన్లు 9.7 శాతమే, నాగాలాండ్‌లో 5.2 శాతం. అక్కడ అవసరమైన ఆపరేషన్ అందని తల్లులున్నారు. సమాజం మొత్తంలో సిజేరియన్లు 10 శాతం దాటాక మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అదే ప్రకటనలో, ఒక శాతాన్ని అందుకోవడం కాదు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందించడమే ముఖ్యమని కూడా చెప్పింది. ఈ రెండో మాటను లక్ష్యాలు పెట్టే అధికారులు తరచూ మరిచిపోతారు.

ప్రభుత్వ ఆసుపత్రికి సిజేరియన్ల శాతం తగ్గించమని పై నుంచి ఒత్తిడి వస్తే, దాన్ని ముందుగా మోసేది లేబర్ రూమ్ టేబుల్ మీద ఉన్న పేద తల్లి. ఇంకా ఓర్చుకో అని కేకలు, పొట్ట మీద బలంగా నొక్కడం, తొడల మీద దెబ్బలు, పిల్లల్ని కనడం తెలుసు గానీ నొప్పులు పడటం తెలియదా అనే మాటలు ఈ దేశపు లేబర్ రూముల్లో కొత్తవి కావు. గతంలో కోత పడిన తల్లి విషయంలో ఇది మరీ ప్రమాదం. కోత దగ్గర నొప్పిగా ఉందని ఆమె చెప్పే మాటే గర్భసంచి చిట్లబోతోందని తెలిపే గుర్తు కావచ్చు. ఆ మాటను నాటకం అని కొట్టిపారేసే చోట వీబ్యాక్ మంచి వైద్యం కాదు, ప్రాణాలతో చెలగాటం. దళిత స్త్రీ నొప్పి తక్కువ పడుతుంది, ఎక్కువ ఓర్చుకుంటుంది అన్న నమ్మకం కులం నేర్పిన అబద్ధం. కాయకష్టం చేసే శరీరం కాబట్టి సులువుగా కంటుంది అనే పొగడ్త కూడా ఆ అబద్ధానికి మరో ముఖమే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆసుపత్రి, డిస్పెన్సరీ, పీహెచ్‌సీలలో ప్రవేశాన్ని అడ్డుకోవడాన్ని నేరాల్లో చేర్చింది. లోపలికి రానిచ్చాక జరిగే వివక్షకు మాత్రం సాక్ష్యం చూపడం కష్టం. లేబర్ రూమ్‌లోకి ఇంటి మనిషిని రానివ్వరు. లోపల ఏమన్నారో, ఏం చేశారో చెప్పడానికి ఆ తల్లి తప్ప ఎవరూ ఉండరు. కాన్పు సమయంలో తల్లి పక్కన తోడు మనిషి ఉండవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. 2017లో వచ్చిన లక్ష్య కార్యక్రమం కూడా అదే చెబుతోంది. తోడు అంటే ధైర్యం చెప్పే మనిషే కాదు. ప్లాన్ మారినప్పుడు ఎందుకు అని అడగగలిగే మనిషి, తర్వాత సాక్ష్యం చెప్పగలిగే మనిషి.

ఏం అడగాలి?

1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును బలపరుస్తూ డాక్టర్ అంబేడ్కర్, కాన్పుకు ముందూ తర్వాతా శ్రామిక స్త్రీకి దక్కే విశ్రాంతి దేశ ప్రయోజనమని వాదించారు. ఆ భారాన్ని ఆమె ఒక్కదాని మీద వదిలేయకూడదన్నది ఆయన ఉద్దేశం. మలికాన్పు ప్రశ్నను కూడా మనం అక్కడి నుంచే చూడాలి. ఇది ఒక తల్లికి కాన్పు అనుభవం బాగుండటం గురించే కాదు. పని చేసి బతికే శరీరం మీద ఎవరికి అధికారం ఉందన్న ప్రశ్న.

విద్యార్థి సంఘాలు, దళిత మహిళా సంఘాలు, ఆశా కార్యకర్తలు జిల్లా స్థాయిలో అడగగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, తొలి సిజేరియన్ అయి ఇంటికి వెళ్లే ప్రతి తల్లికీ తెలుగులో ఒక పేజీ. కోత రకం, ఆపరేషన్ కారణం, తర్వాతి కాన్పుకు సాధారణ ప్రసవం ప్రయత్నించవచ్చా లేదా. తల్లీబిడ్డల కార్డులోనే ఇది రాయాలి. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇది తప్పనిసరి కావాలి.

రెండోది, మత్తు డాక్టర్, రక్తం, థియేటర్ 24 గంటలూ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులు జిల్లాలో ఏవో ప్రకటించడం. కోత ఉన్న గర్భిణికి ఏడో నెలలోనే ఆ ఆసుపత్రి పేరు చెప్పి, అక్కడి డాక్టర్‌తో మాట్లాడించాలి. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సిజేరియన్, రక్తం, మందులే కాదు, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తరలించే వాహనం కూడా ఉచితం. ఆ రాత్రి ఆటోకు డబ్బులు వెతుక్కోవాల్సిన పని ఆమెకు ఉండకూడదు.

మూడోది, ప్లాన్ మారితే కారణం రాయడం. శరీరంలో వచ్చిన మార్పా, సిబ్బంది లేకపోవడమా అన్నది కేస్ షీట్‌లో విడిగా ఉండాలి. ట్యూబెక్టమీకి సమ్మతి విడిగా, నొప్పులు మొదలవకముందే తీసుకోవాలి.

నాలుగోది, లెక్కలు. కాన్పులను పది గ్రూపులుగా విడగొట్టి చూసే రాబ్సన్ వర్గీకరణను వాడమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అందులో ఐదో గ్రూపు గతంలో సిజేరియన్ అయిన తల్లులదే. ఆ గ్రూపులో ఎంతమందికి సాధారణ కాన్పుకు అవకాశం ఇచ్చారు, ఎంతమందికి సఫలమైంది, ఎంతమందిని రెఫర్ చేశారు అన్నది ప్రతి ఆసుపత్రీ కులం వారీగా ప్రకటించాలి. కుటుంబ ఆరోగ్య సర్వే రాష్ట్ర, జిల్లా ఫ్యాక్ట్ షీట్లలో సిజేరియన్ల శాతం ఉంటుంది, కులం వారీ విభజన ఉండదు. లెక్కలో లేని వివక్షను లేదని చెప్పడం అధికారులకు సులువు.

2017 నుంచి తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల కోసం నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు. తల్లి పక్కన గంటల తరబడి ఉండి, ఆమె మాట వినే మనిషిని వ్యవస్థలోకి తేవడం మంచి అడుగు. ఒకప్పుడు వాడలోని మంత్రసాని చేసిన పని కూడా అదే. ఆమె చేతి పనిని అంటుగా చూసి, తర్వాత ఆసుపత్రుల పేరుతో ఆమెను పక్కకు నెట్టిన సమాజం ఇప్పుడు ఆ పనికి సర్టిఫికెట్ ఇస్తోంది. ఆ సర్టిఫికెట్లు అందుకునే వారిలో మన వాడల ఆడపిల్లలు ఎంతమంది అన్నది కూడా అడగాల్సిందే. పాత కోత ఉన్న తల్లికి మిడ్‌వైఫ్ ఒక్కరే సరిపోరు, వెనుక డాక్టర్, థియేటర్ ఉండాలి. కానీ డాక్టర్ వచ్చేదాకా ఆ తల్లి మాట వినే మనిషి లేకపోతే థియేటర్ ఉన్నా ఆలస్యమే.

ఇంతా చేసినా కొందరు తల్లుల ప్లాన్ మారుతుంది. నొప్పులతో మొదలైన రాత్రి ఆపరేషన్‌తో ముగుస్తుంది. అందులో ఓటమి లేదు. తన ప్లాన్ ఎందుకు మారిందో తెలుసుకుని, ఒప్పుకుని థియేటర్‌లోకి వెళ్లిన తల్లికి, ఏమీ తెలియకుండా వేలిముద్ర వేసి వెళ్లిన తల్లికి కోత ఒకేలా ఉండవచ్చు. హక్కు దక్కింది మాత్రం మొదటి తల్లికే. రెండో తల్లికీ అది దక్కేదాకా సిజేరియన్ల శాతం పెరిగినా తగ్గినా మన వాడలకు మారేది పెద్దగా ఏమీ ఉండదు.